మెక్‌డొవెల్ సొనోరన్ ప్రిజర్వ్‌లో అమ్మానాన్నలతో నడక: ఏ ట్రయిల్, ఎన్ని నీళ్ళు, ఏ టైము?

చాండ్లర్_శ్రీను
అమ్మానాన్న అక్టోబర్ మొదటి వారంలో అరిజోనాలోని ఫీనిక్స్ వస్తున్నారు. ఇద్దరికీ అరవై దాటాయి. నాన్నకి షుగరూ బీపీ రెండూ ఉన్నాయి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. అయినా ఊళ్ళో రోజూ గంట నడుస్తారు. స్కాట్స్‌డేల్‌లో ఉన్న మెక్‌డొవెల్ సొనోరన్ ప్రిజర్వ్ (కట్టడాలు రాకుండా కాపాడుతున్న ఎడారి కొండల నేల) చూపించాలని ఉంది. అక్కడ కొండ మీద బొటనవేలిలా నిలబడి ఉండే టామ్స్ థంబ్ అనే బండ ఫోటోలు చూసి నాన్న అదే ఎక్కుతానంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్ని నీళ్ళు మొయ్యాలి? పాములూ ముళ్ళ సంగతేంటి? అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. పనిలో పనిగా సైకిల్ గురించి కూడా: కొత్త మౌంటెన్ బైక్‌కి రెండు వారాల్లో మూడు పంచర్లు, ఏం తప్పు జరుగుతోంది?

పాలోవెర్డే_నీడ
మొదటిసారికి టామ్స్ థంబ్ వద్దు. థాంప్సన్ పీక్ పార్క్‌వే మీదున్న గేట్‌వే ట్రయిల్‌హెడ్‌కి (నడకదారులు మొదలయ్యే చోటు) వెళ్ళండి. అక్కడ బహాడా నేచర్ ట్రయిల్ అని అర మైలు చుట్టు ఉంది. చదునుగా గట్టి నేల, చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది, దారి పొడుగునా మొక్కల గురించీ రాళ్ళ గురించీ బోర్డులుంటాయి. అది అయ్యాక ఇద్దరికీ ఓపికుంటే గేట్‌వే లూప్ దారిలో అర గంట ముందుకి వెళ్ళి వెనక్కి తిరగండి. లూప్ మొత్తం 4.5 మైళ్ళు, మధ్యలో గేట్‌వే సాడిల్ (రెండు కొండల మధ్య పల్లపు భాగం) దాకా ఎక్కడం ఉంది, మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి దిగేటప్పుడు కష్టం.

రెండో రోజుకి ఉత్తరాన ఆల్మా స్కూల్ రోడ్డు చివర బ్రౌన్స్ రాంచ్ ట్రయిల్‌హెడ్. అక్కడ జేన్ రావ్ ట్రయిల్ అని ఇంకో అర మైలు నడక, అదీ చదునే. ఈ భూమిని కాపాడటానికి పూనుకున్న మొదటివాళ్ళలో ఆవిడ ఒకరు, ఆమె పేరే పెట్టారు. దక్షిణాన అయితే షే బులివార్డ్ నుంచి 124వ వీధి ఎక్కితే లాస్ట్ డాగ్ వాష్. అక్కడి దారులు మెల్లగా ఎత్తు పెరుగుతాయి, ఎక్కడ అలిసిపోతే అక్కడ తిరిగొచ్చెయ్యొచ్చు.

ఎక్కడా టికెట్టు లేదు, పార్కింగ్‌కి డబ్బు లేదు. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా తెరిచి ఉంటుంది.

కొండెక్కేవాడు
పైన చెప్పినదాంతో సగమే ఒప్పుకుంటా. రోజూ గంట నడిచే మనిషిని అర మైలు చుట్టుకి తీసుకెళ్తే చిన్నబుచ్చుకుంటారు. టామ్స్ థంబ్ పోయి రావడానికి 4 మైళ్ళకి కాస్త పైన, ఎక్కేది వెయ్యి అడుగులకి పైన. ఎక్కువ ఎత్తు మొదట్లోనే వంపులు వంపులుగా వచ్చేస్తుంది, అది దాటితే తేలికవుతుంది. నవంబర్ చివర్లో సూర్యోదయం కాగానే మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ళ మనిషి మూడున్నర గంటల్లో హాయిగా పోయి రావచ్చు. కానీ అక్టోబర్ మొదటి వారం అంటే ఇంకా వేసవే. ఆ వారంలో మధ్యాహ్నం వంద ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్ దాకా పోవడం మామూలే. ట్రిప్ ఎన్ని వారాలు? రెండు నెలలుంటే థంబ్‌ని చివరికి పెట్టుకోండి.

పాలోవెర్డే_నీడ
@కొండెక్కేవాడు నెల విషయంలో మీదే కరెక్ట్. కానీ ఆయనకి షుగరూ బీపీ, ఆవిడకి మోకాళ్ళు అని పైనే రాశారు. ఎక్కడం గుండెకి పరీక్ష, దిగడం మోకాళ్ళకి. రెండోదే అక్కడ ఎక్కువమందిని పడగొడుతుంది.

రాగిసంకటి
దిగేటప్పుడు పడటానికి కారణం నేల. ఇక్కడి కొండ చాలాచోట్ల గ్రానైట్. ఎండకీ చలికీ పొడిపొడిగా రాలి గుండ్రటి గింజల్లా గట్టినేల మీద పరుచుకుని ఉంటుంది. చాపమీద రాగులు పోసి నడిచినట్టుంటుంది. మడమ ముందు వేస్తే జారుతుంది. పాదం మొత్తం ఒకేసారి ఆనించాలి, అడుగులు చిన్నవిగా వెయ్యాలి, మోకాలు కొంచెం వంచి ఉంచాలి.

బూట్లు: అడుగున లోతైన గళ్ళున్నవి. మామూలు వాకింగ్ షూ అడుగు చదునుగా ఉంటుంది, పనికిరాదు. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు నల్లబడతాయి. చేతికర్రలు రెండు తీసుకోండి, చివర రబ్బరు తొడుగు ఊడదీసి వాడండి, తొడుగుతో అయితే గ్రానైట్ గింజల మీద కర్ర కూడా జారుతుంది. ఎక్కేటప్పుడు కర్ర పొడుగు తగ్గించాలి, దిగేటప్పుడు పెంచాలి. అమ్మగారికి చీర వద్దు. చుడీదార్ అయితే చున్నీ ఇంట్లోనే వదిలెయ్యమనండి, క్యాట్‌క్లా అనే పొదకి పిల్లి గోళ్ళలా వంగిన ముళ్ళుంటాయి, పట్టుకుంటే వదలవు.

అనంతపురం_ఎండ
44 డిగ్రీల్లో పొలం పని చేసే జనం మాది. 38కి ఇంత హడావిడి ఎందుకు? పొద్దున్నే పోతే ఏమీ కాదు.

నర్సు_పద్మజ
@అనంతపురం_ఎండ పొలంలో పనిచేసేవాళ్ళకి ఆ ఎండ నెల్ల తరబడి అలవాటు. ఏసీ విమానంలోంచి దిగినవాళ్ళకి శరీరం కుదురుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఇంకో తేడా గాలి. ఇక్కడ గాలిలో తేమ చాలా తక్కువ, చెమట పట్టగానే ఆరిపోతుంది. విజయవాడలోనో విశాఖలోనో చొక్కా తడిసిపోతే ఒంట్లో నీరు పోతోందని తెలుస్తుంది. ఇక్కడ చొక్కా పొడిగానే ఉంటుంది, నీరు మాత్రం పోతూనే ఉంటుంది. చొక్కా మీద తెల్లటి ఉప్పు గీతలు కనబడితే అప్పటికే చాలా పోయినట్టు.

లెక్క చెప్తాను. అక్టోబర్ ఉదయం, చదును దారి, నీడపట్టున ఆగుతూ వెళ్తే మనిషికి గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు. ఎక్కడం ఉంటే గంటకి లీటరు. దాహం వేసినప్పుడు గటగటా తాగడం కాదు, పావుగంటకోసారి ఓ చిన్న గ్లాసు. గంటకి లీటరున్నర మించి తాగొద్దు. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళు అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక వస్తాయి, చూసేవాళ్ళు వడదెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు తాగిస్తారు. మొత్తం నీళ్ళల్లో సగం అయిపోగానే ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ఇంకా సగం దారి రాలేదు కదా అని ముందుకి పోవద్దు.

శ్రీను గారూ, నాన్నగారి బీపీ మాత్ర మూత్రం ఎక్కువగా పోయించే రకమో కాదో డాక్టర్ని అడగండి. ఆ రకమైతే ఎండలో నీరూ ఉప్పూ రెండూ త్వరగా పోతాయి. మాత్ర మీరే ఆపెయ్యకండి, డాక్టర్ చెప్పిందే చెయ్యండి. ఇన్సులిన్ తీసుకుంటుంటే కార్లో వదలొద్దు. ఎండలో మూసిన కారు లోపల మందు పాడైపోతుంది. వేడికి చర్మం కింద రక్తప్రసరణ పెరిగి ఇన్సులిన్ త్వరగా ఎక్కుతుంది, షుగర్ ఠక్కున పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ బిళ్ళలు ఉంచండి. వణుకు, చల్లటి చెమట, తడబాటు కనబడితే 15 గ్రాముల చక్కెర, అంటే మామూలుగా నాలుగు బిళ్ళలు. 15 నిమిషాలాగి మళ్ళీ మీటరుతో చూడండి. మనిషి మాట తడబడితే అది షుగర్ పడటమా వడదెబ్బా అని మీటరుతో తేల్చుకోవాలి, ఊహించొద్దు.

అనంతపురం_ఎండ
చెమట ఆరిపోయే విషయం ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. ఉప్పు మజ్జిగ తీసుకుపోవచ్చా?

నర్సు_పద్మజ
ఐస్ వేసిన స్టీల్ ఫ్లాస్కులో అయితే శుభ్రంగా. పల్చగా, ఉప్పు వేసి. మామూలు సీసాలో పోస్తే రెండు గంటల్లో పులిసిపోతుంది. ఇంట్లో కలుపుకునే ద్రావణం కావాలంటే లీటరు నీళ్ళకి సమంగా గీసిన టీ చెంచాలతో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. అంతకంటే ఉప్పు వెయ్యొద్దు. నాన్నగారికి మాత్రం రెండు గంటల చదును నడకకి ఇదేమీ అక్కర్లేదు, నీళ్ళూ నాలుగు ఉప్పు బిస్కెట్లూ చాలు.

కోడికూత
టైము గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అరిజోనాలో గడియారం ముందుకీ వెనక్కీ జరపరు కాబట్టి లెక్క తేలిక. అక్టోబర్ మొదట్లో సూర్యోదయం 6:20 ప్రాంతంలో, అస్తమయం 6:10 ప్రాంతంలో. గేటు దగ్గర 6:30కి ఉంటే 9 కల్లా కారెక్కెయ్యాలి. మామూలుగా వేడి తారస్థాయికి చేరేది మధ్యాహ్నం 12కి కాదు, 3 నుంచి 5 మధ్య. "సాయంత్రం చల్లబడుతుంది కదా" అని 4:30కి మొదలుపెట్టేవాళ్ళు అసలు తప్పు టైములో వెళ్తున్నట్టు. పైగా రాళ్ళు రోజంతా పీల్చుకున్న వేడిని వదులుతుంటాయి.

నవంబర్ నుంచి మార్చి దాకా శని ఆదివారాల్లో గేట్‌వే, టామ్స్ థంబ్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. మామూలు రోజుల్లో వెళ్ళండి. టామ్స్ థంబ్ దగ్గర తాగునీళ్ళు ఉండవు, ఇంటి నుంచే పట్టుకెళ్ళాలి.

కొండెక్కేవాడు
+1. ఇంకోటి, ఊళ్ళోనే ఉన్న క్యామెల్‌బ్యాక్‌కి తీసుకెళ్ళమని ఎవరైనా చెప్తే ముందు ఫీనిక్స్ సిటీ నోటీసు చూసుకోండి. విపరీతమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో క్యామెల్‌బ్యాక్, పియెస్టెవా పీక్ దారులు పొద్దున్నుంచి సాయంత్రం 5 దాకా మూసేస్తారు. 2023లో వరసగా 31 రోజులు 110 ఫారెన్‌హీట్ తగ్గకుండా కాసిన ఊరు ఇది.

ముళ్ళకంప
ముళ్ళ సంగతి నేను చెప్తా. మీరు అన్నిటికంటే భయపడాల్సింది టెడ్డీ బేర్ చోయా అనే జెముడుకి. దూరం నుంచి చూస్తే మెత్తటి బొచ్చు కట్టుకున్న పొదలా, ఎండ వెనక నుంచి పడితే వెండిలా మెరుస్తుంది. ముట్టుకోబుద్ధి అవుతుంది. దాని కణుపులు చెట్టుకి చాలా వదులుగా అంటుకుని ఉంటాయి, కొంచెం రాసుకుంటే ఊడి మనిషికి పట్టుకుంటాయి. ముల్లు చివర వెనక్కి తిరిగిన సన్నటి పొలుసులుంటాయి, దిగడం తేలిక, రావడం కష్టం.

జేబులో పెద్ద పళ్ళ దువ్వెన ఒకటి పెట్టుకోండి. అలా ఊడిన కణుపు ఉండ పట్టుకుంటే చేత్తో లాగొద్దు, చెయ్యికి అంటుకుంటుంది. రెండో చేత్తో లాగితే అదీ పోతుంది. ఉండకీ చర్మానికీ మధ్య దువ్వెన పళ్ళు దూర్చి, మనుషులు లేని వైపుకి ఒక్క విదుపు విదపాలి. మిగిలిన ముళ్ళని చిన్న పట్టకారుతో దిగిన దిశలోనే తిన్నగా లాగాలి. బూటు అడుగున ఉంటే రాయికి గీకి తీసెయ్యండి, కాలు మీద కాలు వేసుకుని కూర్చోకండి, పిక్కకి ఎక్కుతుంది.

నాగజెముడు వేరే రకం బాధ. పెద్ద ముళ్ళ మొదట్లో కంటికి కనపడని నూగుముళ్ళ కుచ్చులుంటాయి. వాటికి పట్టకారు చాలదు. గట్టి టేపు అంటించి లాగాలి, లేదా తెల్ల జిగురు పూసి ఆరాక పొరలా ఒలవాలి.

గోదారి_ఇసుక
చోయా ఎగిరి మీద పడుతుందంటారు నిజమేనా?

ముళ్ళకంప
ఎగరదు. తగిలామన్న సంగతి తెలిసేలోపే పట్టుకుంటుంది కాబట్టి జంపింగ్ చోయా అని పేరొచ్చింది. చెట్టు కింద ఊడిపడిన ఉండలు కూడా బతికే ఉంటాయి, వాటి నుంచే కొత్త మొక్కలు లేస్తాయి. అందుకే నేల మీద చూపు ఉంచి నడవాలి.

గడ్డివాము
పాము కరిస్తే కాటుకి పైన గట్టిగా తాడు కట్టి బ్లేడుతో కొంచెం గీసి రక్తం పోనివ్వాలి. ఊళ్ళో అందరూ చేసేదే.

నర్సు_పద్మజ
@గడ్డివాము దయచేసి ఇది ఎవరూ చెయ్యకండి, ఇక్కడా చెయ్యొద్దు, మన ఊళ్ళోనూ చెయ్యొద్దు. ఇక్కడ ఉండే విషప్పాములు ఎక్కువగా గిలక పాములు (రాటిల్‌స్నేక్‌లు, తోక చివర గిలక మోగిస్తాయి). వాటి విషం కండని తినేస్తుంది. తాడు కట్టి ఆపితే ఆ విషమంతా ఒక్క చోటే నిలిచి ఆ కాలో చెయ్యో పోతుంది. కొయ్యడం, నోటితో పీల్చడం, ఐస్ పెట్టడం ఏదీ వద్దు.

చెయ్యాల్సింది: పాముకి దూరంగా జరగాలి. ఉంగరాలు, గాజులు, గడియారం, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసెయ్యాలి, వాపు వచ్చాక తియ్యలేరు. కాటు పడ్డ భాగాన్ని గుండె ఎత్తులో కదలకుండా ఉంచాలి. 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఫోన్. వాపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి పక్కన టైము రాయండి, 15 నిమిషాలకోసారి మళ్ళీ గియ్యండి, ఆసుపత్రిలో డాక్టర్‌కి ఆ గీతలు చాలా ఉపయోగపడతాయి. పాముని చంపి తేనక్కర్లేదు. ఇక్కడి గిలక పాములన్నిటికీ ఒకే మందు పనిచేస్తుంది.

పాలోవెర్డే_నీడ
పాము కనబడే కాలం మార్చి నుంచి అక్టోబర్ దాకా, అంటే మీరు వెళ్ళే వారం కూడా. చల్లటి పొద్దుటి పూట దారి మీదికొచ్చి వెచ్చబడుతుంటాయి. ఒంటి పొడుగులో సగం దూరం దాకా కాటు వెయ్యగలవు, మీరు రెండు మనిషి పొడుగులు వదిలితే చాలు. గిలక వినబడితే ముందు ఆగండి, ఎక్కడుందో చూసుకున్నాక వెనక్కి జరగండి. తెలీకుండా గెంతితే దాని మీదకే గెంతొచ్చు. మోగకుండా కూడా ఉంటాయి, కాబట్టి చెయ్యి పెట్టే చోటూ కూర్చునే రాయీ ముందు కళ్ళతో చూడాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

రెండుచక్రాలు
పంచర్ల సంగతి. శ్రీను గారూ, లోపల ట్యూబులున్నాయా? ఉంటే అదే తప్పు. ఈ నేల మీద ట్యూబుతో తిరగలేరు. ట్యూబ్‌లెస్‌కి మార్చుకోండి. రిమ్ము లోపల టేపు, వాల్వు, సీలెంట్ (చిల్లు పడితే చేరి మూసే ద్రవం). 29 అంగుళాల 2.4 వెడల్పు టైరుకి ఒక్కోదానికి 100 నుంచి 120 మిల్లీ సీలెంట్ పొయ్యండి. డబ్బా మీద ఆరు నెలలు వస్తుందని రాసి ఉన్నా ఈ పొడిగాలికి వేసవిలో రెండు నెలలకే ఎండిపోయి లోపల రబ్బరు ఉండలవుతుంది. వాల్వు కోర్ ఊడదీసి సన్నటి పుల్ల దించి చూస్తే తడి ఎంతుందో తెలుస్తుంది. పుల్ల పొడిగా వస్తే 60 మిల్లీ కలపండి. గాలి కొట్టినా ఎక్కకపోతే వాల్వు కోర్‌లో సీలెంట్ గట్టిపడింది, కోర్ మార్చెయ్యండి, చాలా చవక.

గాలి: 75 కిలోల మనిషికి ముందు 22, వెనక 25 పీఎస్ఐతో మొదలుపెట్టండి. 35 కొట్టుకుని వచ్చేవాళ్ళు ఆ రాగుల నేల మీద మలుపులో జారిపోతారు. మరీ 18కి తగ్గిస్తే రాళ్ళకి రిమ్ము తగిలి పక్కగోడ కోసుకుపోతుంది, దాన్ని సీలెంట్ ఆపలేదు.

టైరుకి ముల్లు కనబడితే పట్టకారుతో లాగి ఆ చిల్లు కిందికి వచ్చేలా చక్రం తిప్పి అర నిమిషం ఆపండి, సీలెంట్ అక్కడ చేరి మూస్తుంది. ఆగకపోతే చిల్లులో ప్లగ్ (రబ్బరు ముక్క) గుచ్చండి. చోయా ఉండ టైరుకి చుట్టుకుంటే తొక్కుతూ పోవద్దు, ఫ్రేము దగ్గర తిరిగి మీ పిక్కకి కొడుతుంది. గొలుసుకి తడి నూనె వద్దు, దుమ్ము పట్టి గంధంలా అరగదీస్తుంది. మైనం రకం వాడండి.

మొదట్లో బ్రౌన్స్ రాంచ్ వైపు దారులు తొక్కండి, చదునుగా, వంపులతో బాగుంటాయి. దక్షిణాన విండ్‌గేట్ పాస్ లాంటివి రాళ్ళ మెట్లు, ఆర్నెల్ల అనుభవం వచ్చాక.

చాండ్లర్_శ్రీను
@రెండుచక్రాలు ట్యూబులే ఉన్నాయి. మూడు పంచర్లూ ప్రిజర్వ్‌లో కాదు, ఇంటి దగ్గర కాలవ పక్క దారిలో. గట్టి గింజలా రెండు కొమ్ములతో ఉన్న ముల్లు.

రెండుచక్రాలు
అది పల్లేరు కాయ! ఇక్కడ గోట్‌హెడ్ అంటారు. మన పొలాల గట్ల మీద కాలికి గుచ్చుకునేదే, అదే మొక్క. తొక్కని దారుల్లో తక్కువ, కాలవ గట్లూ ఖాళీ స్థలాల అంచుల్లో ఎక్కువ. ట్యూబ్‌లెస్ అయితే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

అనంతపురం_ఎండ
పల్లేరు అక్కడ కూడానా! అయితే మెస్కీట్ చెట్టు చూపించండి పెద్దవాళ్ళకి, మన సర్కారు తుమ్మ జాతే. నాగజెముడు ఎలాగూ అమెరికా ఖండాల నుంచే మన దగ్గరికి వచ్చింది. నాన్నగారు సగం చెట్లు గుర్తుపట్టేస్తారు.

గోదారి_ఇసుక
నీళ్ళు అయిపోతే ఆ పీపాలాంటి జెముడు కోసి లోపలి నీళ్ళు తాగొచ్చని చదివాను.

ముళ్ళకంప
@గోదారి_ఇసుక లోపల నీళ్ళుండవు, జిగురు గుజ్జు ఉంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం ఉంటుంది, తింటే వాంతులూ విరేచనాలూ అయి ఉన్న నీరు కూడా పోతుంది. పైగా మొక్క కొయ్యడం నేరం. చేతులు చాచినట్టు కొమ్మలతో నిలబడే పెద్ద జెముడు సవారోకి హాని చేస్తే అరిజోనాలో కేసు పెద్దదే అవుతుంది. (రాసేది సగువారో, పలికేది సవారో.) పదేళ్ళ సవారో మొక్క బొటనవేలంత కూడా ఉండదు. ఏ పాలో వెర్డే చెట్టు నీడలోనో దాక్కుని పెరుగుతుంది. మొదటి చెయ్యి రావడానికి 50 నుంచి 75 ఏళ్ళు. ఫోటో కోసం దారి దిగి పదడుగులు పక్కకి వెళ్తే మీ బూటు కింద పడేది అలాంటి పదేళ్ళ మొక్కే కావచ్చు, మీకు కనపడదు కూడా. దారి దిగొద్దు అనేది అందుకే.

పాలమూరు_పిల్లగాడు
కుక్కను తీస్కపోవచ్చా? మాది లాబ్రడార్, నడక లేకుంటే ఇంట్ల ఎవ్వల్ని కూసోనియ్యది.

పాలోవెర్డే_నీడ
తీసుకెళ్ళొచ్చు, ఎప్పుడూ తాడు మీదే, 6 అడుగుల లోపు తాడు. సాగే తాడు వద్దు, అది పొదలోకి దూరి పాము ముక్కు మీద కొట్టించుకునేది అలాగే. పార్కింగ్ తారు మీద అరచెయ్యి వెనక భాగం 7 సెకన్లు ఆనించి చూడండి, మీరు ఓర్చుకోలేకపోతే దాని పాదాలు కాలతాయి. ఫీనిక్స్ సిటీ దారుల్లో 100 ఫారెన్‌హీట్ ఉంటే కుక్కల్ని అసలు రానివ్వరు. దానికి వేరే గిన్నె, వేరే నీళ్ళు, మీ వాటాలోంచి కాదు. దువ్వెన దానికోసం ఇంకా ముఖ్యం, పాదంలో చోయా దిగితే నోటితో లాక్కుంటుంది, నోట్లోనూ గుచ్చుకుంటుంది.

కోడికూత
తేనెటీగల గురించి ఒక్క ముక్క. ఇక్కడివి ఆఫ్రికా సంకరం, గుంపుగా దూరం దాకా తరుముతాయి. చేతులు విదపకండి, కూర్చోకండి. చొక్కా ముఖం మీదికి లాక్కుని కళ్ళు మాత్రం వదిలి కారు దాకా తిన్నగా పరుగెత్తండి. కొండి ఉంటే గోటితో గీకెయ్యండి.

కొండెక్కేవాడు
దారి తప్పడం మీద ఎవరూ రాయలేదు. 200 మైళ్ళకి పైన దారులున్నాయి, 30 వేల ఎకరాలకి పైన నేల. కూడళ్ళ దగ్గర స్తంభాలకి గుర్తులుంటాయి. ప్రతి స్తంభం దాటేటప్పుడు ఫోటో తీసుకోండి. 911కి ఫోన్ చేస్తే మొదట అడిగేది ఎక్కడున్నారని, ట్రయిల్ పేరూ చివరిగా చూసిన స్తంభం మీది గుర్తూ చెప్తే నేరుగా వస్తారు. మాట వినపడకపోతే 911కి మెసేజ్ పంపొచ్చు. ఫోన్ ఎండలో చేత్తో పట్టుకు తిరిగితే వేడెక్కి ఆగిపోతుంది, సంచిలో నీళ్ళ సీసా పక్కన పెట్టండి. మ్యాపు ఇంట్లోనే దించుకోండి, లోయల్లో సిగ్నల్ ఉండదు. చిన్న తలదీపం ఎప్పుడూ సంచిలో ఉండాలి.

నర్సు_పద్మజ
ఒకటి మర్చిపోయాను, ఇది మన వాళ్ళకి ప్రత్యేకంగా. వ్యాలీ ఫీవర్. ఈ నేల మట్టిలో ఉండే బూజు, దుమ్ములో గాలికి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. చాలామందికి ఏమీ కాదు. కొందరికి ఒకటి నుంచి మూడు వారాల తర్వాత జ్వరం, దగ్గు, విపరీతమైన నీరసం, కీళ్ళ నొప్పులు. షుగర్ ఉన్నవాళ్ళకి ముదిరే అవకాశం ఎక్కువ. సమస్య ఏంటంటే అప్పటికి వాళ్ళు ఇండియా వెళ్ళిపోయి ఉండొచ్చు. అక్కడ ఈ జబ్బు లేదు, ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ అనుకునే ప్రమాదం ఉంది. తగ్గని దగ్గు వస్తే "అరిజోనా ఎడారిలో తిరిగాం" అని డాక్టర్‌కి చెప్పమని ఇద్దరికీ ఇప్పుడే చెప్పి పెట్టండి. గాలిదుమ్ము రోజున వెళ్ళకండి. గుర్రాలూ సైకిళ్ళూ దుమ్ము లేపుకుంటూ పోతుంటే ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గాలి వచ్చే వైపుకి జరగండి.

గోదారి_ఇసుక
గుర్రాలు కూడా వస్తాయా ఆ దారిలో?

రెండుచక్రాలు
వస్తాయి. సైకిల్ అందరికీ దారివ్వాలి, నడిచేవాళ్ళు గుర్రానికివ్వాలి. గుర్రం వస్తే దారికి కింది వైపు, అంటే పల్లం వైపు నిలబడి మామూలు గొంతుతో మాట్లాడుతూ ఉండండి. పొద వెనక నక్కి నిశ్శబ్దంగా ఉంటే పులనుకుని బెదురుతుంది.

రాగిసంకటి
తిండి: పులిహోర, వేరుశెనగ చిక్కీ ఎండకి తట్టుకుంటాయి. దద్దోజనం వద్దు. కమలాపండు తింటే తొక్క సంచిలో వేసుకుని రండి. మట్టిలో కలిసిపోతుందిలే అనుకుంటారు, ఈ పొడి నేలలో కుళ్ళదు, నెలల తరబడి అలాగే ఎండి ఉంటుంది.

బట్టల మీద ఒక గొడవ ఉంది, నూలు వద్దు అని అందరూ అంటారు. చలికాలం అది నిజం. కానీ వేడి పొడిగాలిలో తడిపిన నూలు తువ్వాలు మెడ చుట్టూ వేసుకున్నంత చల్లదనం ఏ ఖరీదైన గుడ్డా ఇవ్వదు. చొక్కా పూర్తి చేతులది, టోపీ చుట్టూ అంచున్నది.

కొండెక్కేవాడు
నూలు చొక్కా మీద నేను ఒప్పుకోను, చంకల్లో ఒరుసుకుపోతుంది. తువ్వాలు వరకూ ఓకే.

చాండ్లర్_శ్రీను
అందరికీ చాలా థాంక్స్. ప్లాన్ ఇలా వేశా: వచ్చిన పది రోజులకి బుధవారం, గేట్‌వే దగ్గర 6:30, బహాడా చుట్టు, తర్వాత లూప్ మీద అర గంట పోయి వెనక్కి. మనిషికి లీటరున్నర, కార్లో ఐస్ పెట్టెలో ఇంకో నాలుగు లీటర్లు. దువ్వెన, పట్టకారు, మీటరు, గ్లూకోజ్ బిళ్ళలు. నవంబర్ మూడో వారంలో నాన్నతో టామ్స్ థంబ్ ప్రయత్నం, అమ్మ ఆ రోజు బ్రౌన్స్ రాంచ్‌లో చెల్లితో. సైకిల్‌కి ఈ శనివారం ట్యూబ్‌లెస్.

నర్సు_పద్మజ
బాగుంది. నాన్నగారు టిఫిన్ చెయ్యకుండా మాత్ర వేసుకుని బయల్దేరకుండా చూడండి, 6:30కి అంటే అదే జరుగుతుంది.

కోడికూత
థంబ్ రోజుకి తిరిగే టైము ముందే రాసుకోండి. 7కి మొదలైతే 9:15కి ఎక్కడున్నా వెనక్కి. ఆ మాట నాన్నగారితో ఇంటి దగ్గరే ఒప్పించుకుని వెళ్ళండి. పైన శిఖరం కనబడుతుండగా ఒప్పుకోరు.